వండి పెట్టిన జింక కూర, ఆ తర్వాత వచ్చిన పాజిటివ్ రిపోర్టు

ఈ ఉత్తరం అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం నుంచి, మాడిసన్ దగ్గర ఉంటున్న ఒక సోదరి రాశారు. పేరు వద్దన్నారు. పెద్ద ఉత్తరం. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

ఆమె భర్త ఆఫీసులో ఒక అమెరికన్ స్నేహితుడు ఏటా నవంబరులో జింకల వేటకు వెళ్తాడు. ఈసారి దొరికిన జింకలో ఐదారు కిలోల మాంసం వీళ్లింటికి తెచ్చిచ్చాడు. విజయవాడ నుంచి వచ్చి ఉన్న అత్తగారు సరదాపడి మసాలా నూరి గోంగూరతో కూర వండారు, కొంత మాంసం పచ్చడి పెట్టారు. డిసెంబరు మొదటి శనివారం తెలుగు స్నేహితులను భోజనానికి పిలిచారు. పిల్లలతో కలిపి పదకొండు మంది తిన్నారు. ఆరేళ్ల కూతురు అడిగి మరీ రెండోసారి వేయించుకుంది. వెళ్తూ వెళ్తూ ఒక స్నేహితురాలు పచ్చడి సీసా పట్టుకెళ్లింది.

సోమవారం ఆ వేటగాడి నుంచి ఫోను. జింకకు చేయించిన పరీక్షలో 'క్రానిక్ వేస్టింగ్ డిసీజ్' ఉన్నట్టు తేలిందని, మిగిలిన మాంసం తినవద్దని, రిపోర్టు రాకముందే పంచిపెట్టినందుకు క్షమించమని చెప్పాడు. ఆ రాత్రి ఆమె ఇంటర్నెట్‌లో వెతికితే ఈ జబ్బుకు జనం పెట్టిన 'జాంబీ జింక' అనే పేరు, ఇద్దరు వేటగాళ్లు మెదడు వ్యాధితో చనిపోయారన్న వార్త, దీనికి మందు లేదన్న సంగతి, ఉడికించినా పోదన్న సంగతి వరుసగా కనిపించాయి. "మనుషులకు రాదని సర్కారే చెబుతుంటే నీకెందుకు భయం? ఎవరికీ చెప్పకు, మన పరువు పోతుంది" అని భర్త. రెండు నెలలుగా ఇంట్లో ఇదే గొడవ.

"రాత్రిళ్లు లేచి పాప చేతులు వణుకుతున్నాయేమో చూస్తున్నాను. అత్తయ్య ఈమధ్య స్టవ్ ఆపడం మర్చిపోతున్నారు, పేర్లు గుర్తురావడం లేదు. ఆవిడకు అదే మొదలైందా? ఏదైనా పరీక్ష చేయించుకోవాలా? ఆ కుక్కరు ముట్టుకోవాలంటే భయం. మిగిలిన మాంసం ఫ్రీజర్ అడుగున అలాగే ఉంది. స్నేహితులకు చెప్పనా, వద్దా? ఆ అబ్బాయి వచ్చే ఏడు మళ్లీ తెస్తే ఏం చేయాలి?" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీ పాప సంగతికి వెంటనే వస్తాను. కానీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంతో దాటేసిన విషయం ముందు పట్టుకోవాలి. ఆ పచ్చడి సీసా. మీ స్నేహితురాలి ఇంట్లో అది ఇప్పటికీ ఉందా, అయిపోయిందా మీరు రాయలేదు. ఉంటే, వాళ్లు ఇంకా తింటూ ఉండవచ్చు. నూనెలో ఎంత వేయించినా, ఉప్పూ కారం ఎంత పట్టించినా ఈ వ్యాధికారకం చావదు. జరిగిపోయిన భోజనాన్ని మీరూ నేనూ వెనక్కి తేలేం. సీసాలో మిగిలినదాన్ని ఆపడం మాత్రం మీ చేతిలోనే ఉంది. ఈ ఉత్తరం చదవడం ఇక్కడితో ఆపి ఆమెకు ఫోన్ చేసినా నేనేమీ అనుకోను.

ఇక పాప సంగతి.

జింకలకు వచ్చే ఈ జబ్బును మొదట 1967లో కొలరాడోలోని ఒక పరిశోధన కేంద్రంలో పెంచుతున్న జింకల్లో గమనించారు. విస్కాన్సిన్‌లో అది 2002లో బయటపడింది, అదీ మీరున్న ప్రాంతానికి దగ్గర్లోనే. ఇప్పుడు అమెరికాలో ముప్పైకి పైగా రాష్ట్రాల్లో, కెనడాలో ఉంది. నార్వేలో 2016లో రెయిన్‌డీర్‌లో కనిపించింది. ఇన్నేళ్లలో ఎన్ని వేల కుటుంబాలు తెలియక ఈ మాంసం తిని ఉంటాయో ఆలోచించండి. అలా తిన్న మనిషికి ఈ జబ్బు సోకినట్టు నిర్ధారణ అయిన కేసు ఇప్పటిదాకా ఒక్కటి కూడా లేదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతున్నదీ అదే. మీవారు గట్టిగా పట్టుకున్నది ఈ మాటనే. అది నిజం.

అదే సీడీసీ, పాజిటివ్ వచ్చిన జింక మాంసం తినవద్దని కూడా చెబుతోంది. మీరు పట్టుకున్నది ఈ మాటను. ఇదీ నిజమే. రెండు నెలలుగా మీరిద్దరూ ఒకే సలహాలో చెరో సగం చేతబట్టుకుని పోట్లాడుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరికీ మతి పోలేదు. ఇది ముందు ఒకరికొకరు ఒప్పుకుంటే తర్వాతి మాటలు తేలికవుతాయి.

ఆ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో తెలియాలంటే ఈ జబ్బు తీరు కొంచెం తెలియాలి. దీనికి కారణం బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు. ప్రియాన్ అనే ప్రొటీన్. అది మీ మెదడులోనూ నా మెదడులోనూ మామూలుగా ఉండేదే. వంకర తిరిగిన ప్రియాన్ ఒకటి లోపలికి వస్తే, పక్కనున్న మంచి ప్రొటీన్‌ను కూడా తన ఆకారంలోకి తిప్పేస్తుంది. పాలలో వేసిన తోడు లాంటిది. చుక్కే అయినా, సరిపడితే గిన్నెడు పాలూ తోడుకుంటాయి. కానీ ప్రతి తోడూ ప్రతి పాలనూ పెరుగు చేయలేదు. జింక ప్రొటీన్ ఆకారానికీ మనిషి ప్రొటీన్ ఆకారానికీ తేడా ఉంది. ఆ తేడాయే మనకు అడ్డుగోడ. గొర్రెలకు వచ్చే స్క్రేపీ కూడా ప్రియాన్ జబ్బే. రెండున్నర శతాబ్దాలకు పైగా మనుషులకు తెలుసు. స్క్రేపీ ఉన్న గొర్రెల మాంసం తరతరాలుగా తిన్నా మనుషులకు అది సోకిందన్న ఆధారం లేదు.

ఆ గోడ ఎప్పుడూ దాటరానిదేనా అంటే, కాదు. ఒకసారి దాటింది. 1986లో బ్రిటన్ ఆవుల్లో మ్యాడ్ కౌ వ్యాధి బయటపడింది, అదీ ప్రియాన్ జబ్బే. చచ్చిన పశువుల మాంసం, ఎముకలు పొడిచేసి తిరిగి ఆవులకే దాణాగా పెట్టడం వల్ల అది దేశమంతా పాకింది. మనుషులకు ప్రమాదం లేదని అక్కడి ప్రభుత్వం పదేళ్ల పాటు చెప్పింది. 1990లో వ్యవసాయ మంత్రి టీవీ కెమెరాల ముందు తన చిన్న కూతురికి బర్గర్ తినిపించబోయాడు. 1996 మార్చి 20న అదే ప్రభుత్వం పార్లమెంటులో నిలబడి, పదిమందికి కొత్త రకం క్రూట్స్‌ఫెల్ట్ జాకబ్ వ్యాధి (మనుషుల మెదడుకు వచ్చే ప్రియాన్ జబ్బు) వచ్చిందని, ఆవు మాంసం కారణం కావచ్చని ఒప్పుకుంది. చనిపోయినవారిలో ఎక్కువమంది ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న పిల్లలు. 'ఆధారం లేదు' అన్న మాట వినగానే మీకు నమ్మకం కుదరకపోవడంలో తప్పులేదు. ఆ మాటను ఒకప్పుడు చాలా చౌకగా వాడారు, దానికి జనం మూల్యం చెల్లించారు. మీవారికి ఈ చరిత్ర తెలియకపోతే చెప్పండి, మీ భయం ఎక్కడి నుంచి వస్తోందో అర్థమవుతుంది.

అయితే ఆ కథను మీరు సగంలో ఆపకండి. బ్రిటన్‌లో జబ్బు నిర్ధారణ అయిన ఆవులే 1,80,000కు పైగా. బయటపడకుండా వంటింటికి చేరినవి ఇంకెన్నో. కోట్లమంది ఏళ్ల తరబడి ఆ మాంసం తిన్నారు. జబ్బు గోడ దాటిన ఆ దేశంలో కూడా ఇప్పటిదాకా దానితో పోయినవారు 178 మంది. ఒక్కొక్కరూ ఒక ఇంటి బిడ్డే, ఆ సంఖ్యను చిన్నదని నేననను. కానీ మనుషులకు సోకుతుందని రుజువైన జబ్బు విషయంలోనే, తిన్నవారిలో అత్యధికులకు ఏమీ కాలేదు. మీ పాప తిన్నది అలా రుజువు కాని జబ్బున్న జింక మాంసం, అదీ ఒక్క పూట.

మీ ఇంట్లో జరిగినట్టే జరిగిన ఒక సంఘటన ఉంది. 2005లో న్యూయార్క్ రాష్ట్రం ఒనైడా కౌంటీలో ఒక అగ్నిమాపక దళం విందు పెట్టింది. రెండు వందలమందికి పైగా వచ్చారు. వడ్డించిన జింక మాంసంలో ఒక జింకకు ఇదే వ్యాధి ఉన్నట్టు తర్వాత తెలిసింది. తిన్నవారిలో సుమారు ఎనభైమంది తమను ఏళ్ల తరబడి గమనించడానికి ఒప్పుకున్నారు. ఆరేళ్ల పాటు గమనించి ప్రచురించిన వివరాల ప్రకారం, వారిలో ఈ మాంసానికి ముడిపెట్టదగ్గ జబ్బేమీ కనిపించలేదు. ఆ పని చేపట్టినవాళ్లు అక్కడితో ఊరుకోలేదు, ప్రియాన్ జబ్బులకు దశాబ్దాలు పట్టవచ్చు కాబట్టి ఇంకా చూడాలన్నారు. ఇటువంటి విషయాల్లో నిజాయితీగా మాట్లాడటమంటే అదే.

మిమ్మల్ని బాగా కుదిపేసింది ఆ ఇద్దరు వేటగాళ్ల వార్త అని అర్థమైంది. అది 2024 ఏప్రిల్‌లో వచ్చింది. ఒకే చోట వేటాడిన జింకల మాంసం తిన్న ఇద్దరు స్నేహితులు క్రూట్స్‌ఫెల్ట్ జాకబ్ వ్యాధితో చనిపోయారని కొందరు డాక్టర్లు ఒక సదస్సుకు చిన్న నివేదిక ఇచ్చారు. జింక మాంసమే కారణమని తేలలేదని దాన్ని రాసిన డాక్టర్లే అందులో చెప్పారు. వార్తల శీర్షికల్లోకి ఆ వాక్యం రాలేదు. క్రూట్స్‌ఫెల్ట్ జాకబ్ వ్యాధి ఏ మాంసమూ ముట్టనివారికి కూడా వస్తుంది. ప్రపంచమంతటా ఏటా పది లక్షల మందిలో ఒకరిద్దరికి, ఎక్కువగా అరవై దాటినవారికి, ఏ కారణమూ లేకుండానే వస్తుంది. అమెరికాలో వేటాడేవాళ్లు కోటిమందికి పైగా ఉన్నారు. వేటతో ఏ సంబంధమూ లేకపోయినా వారిలో ఏటా పదిమందికైనా అది రాక తప్పదు. ఇద్దరు వేటగాళ్లకు వచ్చిందంటే పట్టించుకోవాలి, పరిశీలించాలి. దాన్ని రుజువుగా తీసుకోకూడదు.

ప్రయోగశాలల్లో కోతుల మీద, మనిషి కణాలతో పెంచిన చిన్నపాటి మెదడు ముద్దల మీద కూడా చూశారు. మాంటానాలోని ప్రభుత్వ ప్రయోగశాలలో మనకు దగ్గరి బంధువులైన మకాక్ కోతుల్లోకి జింక ప్రియాన్లను ఎక్కించి పదమూడేళ్ల దాకా గమనించినా జబ్బు రాలేదు. 2024లో ఆ మెదడు ముద్దలకు జింక ప్రియాన్లను బాగా పట్టించి ఆరు నెలలు చూసినా అంటలేదు. ఇంకో జాతి, స్క్విరల్ కోతులకు మాత్రం ప్రయోగంలో సోకింది. జింకల్లో తిరుగుతున్న ప్రియాన్ కూడా ఒకే రకం కాదు. అందుకే శాస్త్రవేత్తలు 'రానే రాదు' అని సంతకం పెట్టడం లేదు, నేనూ పెట్టను. పాపకు ప్రమాదం ఉందా అంటే, ఉన్నా చాలా చిన్నది. ఎంత చిన్నదో లెక్కగట్టి ఎవరూ చెప్పలేరు. మీ పని దానితో బతకడం నేర్చుకోవడమే తప్ప దాన్ని సున్నా చేయడం కాదు.

రాత్రిళ్లు పాప చేతులు చూడటం మానేయండి. చిన్నదానివని గద్దించి చెప్పడం లేదు. ప్రియాన్ జబ్బు ఏదైనా లక్షణంగా బయటపడటానికి ఏళ్లు పడుతుంది. పాపువా న్యూగినీలో చనిపోయినవారి శరీరాన్ని అంత్యక్రియల్లో తినే ఆచారం వల్ల వ్యాపించిన కురు అనే జబ్బు కొందరిలో యాభై ఏళ్ల తర్వాత కూడా బయటపడింది. ఈ ఫిబ్రవరి రాత్రి పాప చేతుల్లో మీకు కనిపించేదేమీ ఆ కూరకు సంబంధించింది కాదు. నిద్రలో పిల్లల చేతులు మామూలుగానే కదులుతాయి. మీరు లేచి చూస్తున్నారని దానికి తెలిస్తే అమ్మ దేనికో భయపడుతోందని మాత్రం ఇట్టే పసిగడుతుంది. ఇది మీ చేతకావడం లేదంటే, నిద్ర లేకుండా రెండు నెలలు గడిచాయంటే, మీ ఫ్యామిలీ డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. ఆ ఇంట్లో ప్రస్తుతం వైద్యం కావలసిన మనుషులు ఇద్దరున్నారని నాకనిపిస్తోంది. ఒకరు మీరు.

రెండోవారు మీ అత్తగారు. ఆవిడ మతిమరుపు మాంసం వల్ల కాదు. రెండు నెలల్లో ఈ జబ్బు ఎవరికీ మొదలవదు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. నా బెంగ వేరే. ఆ కూర భయంలో పడి మీరు, దాన్ని కొట్టిపారేసే పట్టుదలలో మీవారు, ఇద్దరూ ఆవిడకు నిజంగా ఏమైందో చూడటం లేదు. మీరు స్నేహితులతో పంచుకోలేరు, ఆయన ఒప్పుకోలేరు, పెద్దావిడ మధ్యలో స్టవ్ ఆపడం మర్చిపోతున్నారు. బి12 తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా, చెవులు సరిగా వినపడకపోయినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, కొత్తగా వేసుకుంటున్న నిద్రమాత వల్లయినా ఇలా అవుతుంది. మనుషులు లేని ఊళ్లో, మంచు కురిసే నెలల్లో, నాలుగు గోడల మధ్య దిగులు పడినా అవుతుంది. మామూలు డిమెన్షియా తొలి అడుగూ కావచ్చు. వీటిలో చాలావాటికి మందుంది, ఎంత తొందరగా చూస్తే అంత మంచిది.

ఇక్కడ మీకు రెండు దారులు. అక్కడే చూపిస్తే విజిటర్ ఇన్సూరెన్స్ దేనికి డబ్బిస్తుందో, దేనికివ్వదో ముందే అడగాలి. చేతి నుంచి పెట్టుకోవలసి రావచ్చు. కానీ చిన్నపాటి రక్తపరీక్షలకు అంత భయపడక్కర్లేదు. లేదంటే ఆవిడ విజయవాడ వెళ్లేదాకా ఆగవచ్చు. అలా ఆగితే తేదీ, డాక్టరు పేరు, వెంట వెళ్లేవాళ్లు ఇప్పుడే ఖాయం చేసుకోండి. లేకపోతే అది వాయిదాల మీద పోతుంది. ఆగడానికి ఒక షరతు ఉంది. వారాల్లోనే ముదిరినా, నడకలో తూలినా, మాట తడబడినా, ఉన్నట్టుండి గందరగోళపడినా ఆ రోజే తీసుకెళ్లాలి. ఈలోగా స్టవ్ దగ్గర ఎవరో ఒకరు ఉండండి. ఆవిడ వండిన కూరతోనే ఇదంతా మొదలైందన్న మాట ఆవిడ చెవిన పడనివ్వకండి. ప్రేమగా వండింది, ఇందులో ఆవిడ తప్పేముంది?

పరీక్ష గురించి అడిగారు. ఏ లక్షణమూ లేని మనిషికి ప్రియాన్ సోకిందో లేదో చెప్పే పరీక్ష ఈరోజుకు లేదు. లక్షణాలున్నవారికి వెన్నుపూస నుంచి నీరు తీసి చేసే పరీక్ష, ఎమ్మారై ఉన్నాయి. పాపకు అవి చేయించడం వల్ల సూది నొప్పి, ఖర్చు, నెలల ఎదురుచూపు తప్ప జవాబు రాదు. ఏ జన్యువు ఉన్నవారికి తేలికగా సోకుతుందో చూసే పరీక్ష గురించీ మీరు చదివి ఉంటారు. బ్రిటన్‌లో జబ్బుపడినవారిలో దాదాపు అందరిదీ ఒకే రకం జన్యువు. కానీ ఆ రకం మామూలు జనంలో చాలామందికి ఉంటుంది. మీ పాపకూ ఉందని తేలితే మీకు ఇంకో భయం దొరుకుతుందే తప్ప చేయగలిగింది మాత్రం ఏమీ ఉండదు. నేనైతే వద్దంటాను. తెలుసుకుంటేనే నాకు మనశ్శాంతి అని మీరు నిజంగా అనుకుంటే, ముందు జన్యు సలహాదారుతో మాట్లాడి, తెలిసిన తర్వాత ఏం చేస్తారో తేల్చుకుని అప్పుడు వెళ్లండి.

డాక్టరుకు చెప్పి, ఫలానా నెలలో ఫలానా జింక మాంసం తిన్నామని రికార్డులో రాయించడం మాత్రం మంచిదే. పైసా ఖర్చు లేదు, భవిష్యత్తులో ఎవరికైనా పనికొస్తుంది. పాజిటివ్ జింక మాంసం తిన్నవారిని దీర్ఘకాలం గమనించే పని విస్కాన్సిన్ ఆరోగ్యశాఖ చేస్తోంది, ఫోన్ చేసి అడగండి. నమోదు చేసుకుంటే అప్పుడప్పుడూ ఫోనో ఉత్తరమో వచ్చి పాత భయాన్ని కదిలిస్తుంది. అది తట్టుకోగలరా లేదా ఆలోచించుకోండి. మీలాంటివాళ్లు ముందుకు వస్తేనే రేపు ఇంకో తల్లికి ఇంతకంటే గట్టి జవాబు దొరుకుతుంది. ఒనైడాలో ఆ ఎనభైమంది ఒప్పుకోకపోయి ఉంటే ఈరోజు మీకు చెప్పడానికి నా దగ్గర ఆ మాటే ఉండేది కాదు.

ఈ జబ్బు ముట్టుకుంటే, ముద్దుపెట్టుకుంటే, ఒకే కంచంలో తింటే అంటేది కాదు. పాపను ఎప్పటిలాగే దగ్గరకు తీసుకోండి.

ఇక స్నేహితులు. మీవారు చెప్పవద్దంటున్నది పరువు కోసం అని రాశారు. అది ఒక్కటే కాదేమో. అంతమందిని పిలిచి పెట్టినదాంట్లో ఇలా జరిగిందంటే ఆయన కూడా లోపల కుంగిపోతుండవచ్చు. ఆయన గట్టిగా 'ఏమీ కాదు' అనడం సగం మీకు చెప్పడం, సగం తనకు తాను చెప్పుకోవడం. ఆయనతో ఈ మాట ఎత్తేటప్పుడు 'జబ్బు వస్తుందా రాదా' అని మొదలుపెట్టకండి, మళ్లీ పాత గొడవలోకి వెళ్తారు. 'వాళ్ల పిల్లలు తిన్నదేమిటో తెలుసుకునే హక్కు వాళ్లకుందా లేదా' అని అడగండి. ఇదే మరొకరింట్లో జరిగి, మన పాప తిని, వాళ్లు దాచి ఉంటే మనకెలా ఉండేదని అడగండి.

చెప్పకపోతే ఏమవుతుంది? ఆ వేటగాడు రహస్యం దాచే మనిషి కాదు, వెంటనే ఫోన్ చేసి చెప్పిన మంచివాడు. మీ అతిథుల్లో ఎవరైనా అదే ఆఫీసులో ఉంటే రేపో మాపో తెలుస్తుంది. అప్పుడు వాళ్లకు కోపం వచ్చేది జింక మీద కాదు, మీరు ఇన్ని నెలలు నోరు మెదపకపోవడం మీద. పైగా ఆ పచ్చడి. అది తింటున్నారేమోనన్న అనుమానం ఉంటూ కూడా మీరు ఊరుకుంటే, ఆ భారం మీ మీద నిజంగానే పడుతుంది. తెలియక వడ్డించిన కూర మీ తప్పు కాదు.

చెబితే? ఒకరు 'అయ్యో, దానికేముంది' అంటారు. ఒకరికి కోపం రావచ్చు, రెండు నెలలు ఆగినందుకు నిలదీయవచ్చు. ఒకరికి మీలాగే నిద్ర పట్టకపోవచ్చు. కొంతకాలం మీ ఇంట్లో భోజనానికి వెనకాడేవాళ్లూ ఉండవచ్చు. ఇవన్నీ జరుగుతాయని తెలిసే చెప్పండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. అక్కడ పెడితే పది నిమిషాల్లో 'జాంబీ జింక' లింకులు తిరగడం మొదలవుతుంది, మీ మాట వెనకబడుతుంది. పచ్చడి తీసుకెళ్లినావిడకు ఈరోజే, మిగిలినవాళ్లకు ఈ వారంలో, ఇంటింటికీ వెళ్లో ఫోన్ చేసో మీరిద్దరూ కలిసి చెప్పండి. మీవారు ఎంతకీ ఒప్పుకోకపోతే? కనీసం ఆ ఒక్క ఫోన్ మీరు చేసి తీరాలి, చేశానని ఆయనకూ చెప్పాలి. అందరికీ చెప్పే విషయంలో ఆయనకు నాలుగు రోజులు టైమివ్వడంలో తప్పు లేదు.

ఏమని చెప్పాలో తోచకపోతే ఇలా చెప్పవచ్చు: "మొన్న డిసెంబరులో మా ఇంట్లో తిన్న జింక మాంసానికి తర్వాత పరీక్షలో జబ్బు ఉందని తేలింది. వండినప్పుడు మాకు తెలియదు. ఈ జబ్బు మనుషులకు సోకిన కేసు ఇంతవరకూ లేదు, కానీ పాజిటివ్ వచ్చినది తినవద్దని చెబుతారు. మేమూ, పాపా కూడా తిన్నాం. భయంతో ఇన్నాళ్లు చెప్పలేకపోయాం, క్షమించండి. మీకేమైనా అడగాలనిపిస్తే అడగండి." అక్కడితో ఆగండి. వాళ్లు అడిగితే నేను పైన రాసినవన్నీ చెప్పండి. అడగకపోతే వాళ్లను కూర్చోబెట్టి మొత్తం వినిపించనక్కర్లేదు, మీ భయమంతా వాళ్ల మీద దించనూ వద్దు.

వంటింటి సంగతి. ఫ్రీజర్‌లో ఉన్న మాంసం, మీ దగ్గర మిగిలిన పచ్చడి, స్నేహితురాలి సీసా అన్నీ రెండు గట్టి ప్లాస్టిక్ సంచుల్లో మూటగట్టి, చెత్త డంపింగ్ యార్డుకు వెళ్లే మామూలు చెత్తలో వేయండి. పెరట్లో పాతిపెట్టవద్దు, కంపోస్టులో వేయవద్దు, కుక్కకు పెట్టవద్దు. ప్రియాన్ మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, జింకల మధ్య ఈ జబ్బు వ్యాపించడానికి అదొక కారణం.

కుక్కరు పారేయక్కర్లేదు. ప్రెషర్ కుక్కర్ వేడికి ప్రియాన్ చావదన్నది నిజమే, ఎన్ని విజిళ్లు వచ్చినా అంతే. కానీ మామూలు బ్లీచ్‌కు లొంగుతుంది. రెండు వంతుల బ్లీచ్, మూడు వంతుల నీళ్లు కలిపి, శుభ్రంగా తోమిన స్టీలును అందులో ఐదు నిమిషాలు ఉంచితే జింక ప్రియాన్ పనిచేయకుండా పోయిందని అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్తలు చూపించారు. అంటుకున్న మాంసం ముక్క లోపలికి బ్లీచ్ పోదు కాబట్టి ముందు బాగా తోమాలి. కిటికీలు తెరిచి, గ్లౌజులు వేసుకుని చేయండి. బ్లీచ్‌లో వెనిగర్ కానీ ఇతర క్లీనర్లు కానీ కలపకండి, విషవాయువు వస్తుంది. తర్వాత నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. చెక్క పలక, కుక్కరు గ్యాస్కెట్ మార్చేయండి. అల్యూమినియం కుక్కరైతే బ్లీచ్‌కు పాడవుతుంది, దాన్ని మార్చుకుంటేనే మేలు. రెండు నెలలుగా ఆ కత్తితోనే కూరగాయలు తరుగుతున్నామే అని మళ్లీ కంగారుపడవద్దు. మీరు వాటిని ఎన్నోసార్లు తోమి కడిగారు. ఇప్పుడు చేసేది మీ మనసు కుదుటపడటానికి.

ఆ వేటగాడి మీద మీ ఉత్తరంలో కోపం కనిపించలేదు, అది మంచిదే. రిపోర్టు రాకముందే పంచడం పొరపాటు. కానీ జింకకు పరీక్ష చేయించడం, రాగానే ఫోన్ చేసి చెప్పడం చాలామంది చేయని పని. విస్కాన్సిన్‌లో వేటగాళ్లకు ఆ పరీక్ష ఉచితంగానే చేస్తారు, అయినా చేయించనివాళ్లు ఎందరో. ఆయన చేయించకపోయి ఉంటే ఆ కూర మీరు మరో నాలుగుసార్లు వండుకునేవారు.

వచ్చే నవంబరులో ఆయన మళ్లీ తెస్తే? తీసుకోకూడదనుకుంటే, 'మా ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది, ఏమనుకోకు' అని చెబితే నొచ్చుకునే మనిషిలా లేడు. తీసుకోవాలనుకుంటే రిపోర్టు వచ్చాకే ఇమ్మనండి, అంతవరకూ ఆయన ఫ్రీజర్‌లోనే ఉండనీ. జింక గొంతు దగ్గరి గ్రంథులు తీసి ఆ పరీక్ష చేస్తారు. జబ్బు అప్పుడే మొదలైన జింకలో అది దొరకకపోవచ్చు కాబట్టి, నెగటివ్ వచ్చినా పూర్తి హామీ కాదు. ప్రమాదం మాత్రం బాగా తగ్గుతుంది. కొట్టించే చోట వేరే జింకల మాంసంతో కలపకుండా, ఆ జింకను విడిగా కోయించమనండి. ముఖ్యంగా కీమా విషయంలో ఇది అడగాలి. మెదడు, వెన్నుపాము, కళ్లు, ప్లీహం, గ్రంథులు అసలే వద్దు. మనవాళ్లకు మేక తలకాయ, భేజా ఫ్రై అంటే ఇష్టం కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. విజయవాడలో అత్తగారు వండే మేక మెదడుకు, విస్కాన్సిన్ అడవి జింక మెదడుకు పోలిక లేదు. జింక కండలో కూడా ప్రియాన్ ఉంటుందని 2006లోనే తేలింది కాబట్టి, పాజిటివ్ వచ్చిన జింకలో 'మంచి ముక్క' ఏరుకోవడమంటూ ఉండదు. అందులో ఏదీ తినకూడదు.